మాంద్యపు రాయితీలు: ఎవరికి వరాలు, ఎవరికి వాతలు?

దేశంలో ఆర్థిక మాంద్యం తల ఎత్తినప్పుడల్లా రెండు ప్రకటనలు జంటగా వెలువడటం పరిపాటి అయిపోయింది. మొదటిది ప్రభుత్వ ఉత్తర్వు. ఖజానాకు ఇబ్బంది కలిగినది గనుక ఉద్యోగులు కొంత త్యాగం చేయవలసి ఉన్నదని దాని సారాంశం. రెండవది పత్రికల మొదటి పేజీ నిండా పరచుకొనే ఇళ్ళ వ్యాపారుల ప్రకటన. ఇల్లు కొనడానికి ఇంతకన్న మంచి తరుణం మరి రాదని దాని సారాంశం. మొదటిది మన జీతంలో కోత పెడుతుంది. కోత పోగా మిగిలిన జీతాన్ని ఇరవై ఏళ్ళ పాటు తాకట్టు పెట్టమని రెండవది పిలుస్తుంది. ఈ రెండింటికీ గల సంబంధాన్ని రైల్వే, తపాలా ఉద్యోగ సోదరుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. దేశ రాజధాని పొలిమేరలో, ఉత్తరప్రదేశ్‌లోని గౌతమబుద్ధ నగర్ జిల్లాలో గ్రేటర్ నోయిడా ఉన్నది. రైల్వే సోదరులకు దాద్రీ స్టేషను పరిచితమే. దానికి చేరువలోనే ఈ పట్టణం విస్తరించినది. 1976 నాటి ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టం కింద 1991లో ఇక్కడ ఒక ప్రాధికార సంస్థను నెలకొల్పారు. చట్టం పేరులోనూ, సంస్థ పేరులోనూ ఉన్నది పరిశ్రమ. కానీ పట్టణపు పడమటి భాగాన, ఒకప్పుడు నోయిడా ఎక్స్‌టెన్షన్ అని పిలిచిన చోట, ఇప్పుడు కంటికి కనిపించేది పొగగొట్టాలు కావు, ఆకాశాన్నంటే ఫ్లాట్ల గోపురాలు.

అవి వెలసిన క్రమం తెలుసుకోదగినది. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలిపోయిన తరువాత మాంద్యం మన దేశాన్నీ తాకినది. కట్టిన ఇళ్ళు అమ్ముడుపోలేదు. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వ రంగ బ్యాంకులు గృహ రుణాలపై ప్రత్యేక రాయితీ ప్రకటించాయి. 5 లక్షల లోపు అప్పుకు 8.5 శాతం, 5 నుంచి 20 లక్షల వరకు 9.25 శాతం వడ్డీ అన్నాయి. ఇది కొనేవానికి ఇచ్చిన రాయితీ. అమ్మేవానికి ఇచ్చిన రాయితీ దీనికి ఎన్నో రెట్లు పెద్దది. స్థలం విలువలో పదోవంతు చెల్లిస్తే చాలు, మిగిలినది ఏళ్ళ తరబడి వాయిదాలలో కట్టవచ్చుననే పద్ధతిపై నోయిడా, గ్రేటర్ నోయిడాలలో బిల్డర్లకు విశాలమైన స్థలాలు ధారపోశారు. చేతిలో పది రూపాయలున్న వాడు నూరు రూపాయల నేలకు యజమాని అయి, ఆ నేలను చూపి జనం వద్ద డబ్బు వసూలు చేయసాగాడు.

ఆ నేల ఎవరిది? రైతులది. పరిశ్రమల కోసమని, అత్యవసరమని చెప్పి, అభ్యంతరాలు వినే అవకాశం సైతం ఇవ్వకుండా తీసుకున్న నేల. షాబేరీ గ్రామంలో 156 హెక్టార్ల సేకరణను 2011 జులైలో సుప్రీంకోర్టు రద్దు చేసినది. అదే సంవత్సరం అక్టోబరులో అలహాబాదు హైకోర్టు పూర్తి ధర్మాసనం కొన్ని గ్రామాల సేకరణను కొట్టివేసి, తక్కిన గ్రామాల రైతులకు 64.7 శాతం అదనపు పరిహారం, పది శాతం అభివృద్ధి పరచిన భూమి ఇవ్వాలని తీర్పు చెప్పినది. అప్పటికే వేలాది కుటుంబాలు అక్కడ ఫ్లాట్లకు బయానాలు కట్టి ఉన్నాయి. రైతుకు న్యాయం జరిగినందుకు సంతోషించాలో, తన పొదుపు మట్టిపాలైనందుకు దుఃఖించాలో తెలియని సంకటంలో పడినవాడు మనవంటి నెలజీతగాడు.

ఈ ప్రాంతంలోనే బిస్రఖ్ అనే గ్రామం కలదు. విశ్రవసుని పేరు మీద వెలసినదని, రావణుడు పుట్టిన ఊరు ఇదేనని స్థానికులు చెప్పుకొంటారు. ఆ కథ నిజమో కాదో మనకు అవసరం లేదు. కానీ ఆ ఊరి చుట్టూ బంగారు లేళ్ళు మాత్రం మంద కట్టి తిరిగాయి. బుకింగు చేసిన వారికి బంగారు నాణెం. రెండు పడక గదుల ఇంటికి ఏ.సి. యంత్రాలు ఉచితం. మూడు పడక గదుల ఇంటికి వంటగది సామగ్రి ఉచితం. అదృష్టవంతునికి కారు. వీటన్నిటిలోకీ మెరుపు ఎక్కువైన లేడి మరొకటి ఉన్నది: 'తాళం చెవి చేతికి వచ్చే వరకు నెలసరి వాయిదా లేదు.'

ఈ చివరి ఎర ఎట్లా పనిచేస్తుందో ప్రతి సభ్యుడూ అర్థం చేసుకోవాలని మా కోరిక. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్లాటు ధర 40 లక్షలు. కొనేవాడు పదోవంతు, అనగా 4 లక్షలు కడతాడు. మిగిలిన 36 లక్షలు బ్యాంకు అతని పేరిట అప్పు ఇస్తుంది. కానీ ఆ సొమ్ము అతని చేతికి రాదు, నేరుగా బిల్డరు ఖాతాకు పోతుంది. పునాది లేచినదా, స్లాబు పడినదా అని చూడకుండానే అధిక భాగం ముందుగానే పోతుంది. 9 శాతం వడ్డీ చొప్పున ఆ 36 లక్షలకు ఏడాదికి 3 లక్షల 24 వేలు, నెలకు 27 వేలు వడ్డీ. ఆ వడ్డీని తాను కడతానని బిల్డరు మాట ఇస్తాడు. రెండేళ్ళు కట్టాడనుకుందాం. అతడు కట్టినది 6 లక్షల 48 వేలు. చేతికి ముట్టినది 36 లక్షలు. మన అప్పులో నుంచే మన వడ్డీ తీసి కట్టి, దానికి కానుక అని పేరు పెట్టాడు. మూడవ ఏట కట్టడం మానివేస్తాడు. బ్యాంకు ఎవరి ఇంటి తలుపు తడుతుంది? సంతకం ఎవరిదో వారి ఇంటి తలుపే. బిల్డరుకు కంపెనీ పేర్లు పది ఉంటాయి. నెల మొదటి తేదీన జీతం పడే మన ఖాతా ఒక్కటే. పారిపోలేనివాడు కనుకనే ప్రభుత్వోద్యోగిని బ్యాంకులూ, బిల్డర్లూ అంత ప్రేమగా వెతుక్కుంటూ వస్తారు.

ఇది మా ఊహాగానం కాదు. నిర్మాణం సాగిన కొలదీ మాత్రమే రుణం విడుదల చేయాలని, పూర్తికాని ఇళ్ళకు మొత్తం సొమ్ము ముందుగా ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు సర్క్యులరు పంపినది. గృహ రుణ సంస్థలు ఇటువంటి పథకాలకు దూరంగా ఉండాలని జాతీయ హౌసింగ్ బ్యాంకు 2019 జులైలో చెప్పినది. రాజధాని ప్రాంతంలో ఇట్లా మోసపోయిన వారి మొర విని, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బిల్డర్ల, బ్యాంకుల కుమ్మక్కుపై సి.బి.ఐ. విచారణకు ఆదేశించినది. ఆ జులైలో 22 కేసులు నమోదు చేయడానికి అనుమతి ఇచ్చినది. రిజర్వు బ్యాంకు హెచ్చరికకూ, పోలీసు కేసుకూ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. ఆ పన్నెండేళ్ళూ వాయిదాలు కట్టినవారు ఎవరో వేరే చెప్పనక్కర లేదు.

ఆమ్రపాలి సంస్థ ఉదంతం సర్వవిదితం. నోయిడా, గ్రేటర్ నోయిడాలలో 42 వేలకు పైగా కుటుంబాలు ఆ సంస్థను నమ్మి సొమ్ము కట్టాయి. ప్రసిద్ధ క్రికెట్ క్రీడాకారుడు దాని ప్రచారకర్తగా ఉన్నాడు. కొనుగోలుదారుల సొమ్ము దారి మళ్ళినదని, ప్రాధికార సంస్థలూ, బ్యాంకులూ తమ బాధ్యత విస్మరించాయని 2019 జులై 23న సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది. సంస్థ రిజిస్ట్రేషను రద్దు చేసి, నిర్మాణం పూర్తిచేసే పని ప్రభుత్వ రంగ సంస్థ అయిన ఎన్.బి.సి.సి.కి అప్పగించినది. బకాయిల పేరిట ప్రాధికార సంస్థలూ, బ్యాంకులూ కొనుగోలుదారుల ఇళ్ళ జోలికి పోరాదన్నది. ఘరానా ప్రైవేటు రంగం చేతులెత్తేసిన చోట గోడలు లేపినది ప్రభుత్వ రంగమే. ప్రభుత్వ రంగాన్ని అమ్మివేయాలని నిత్యం వాదించేవారు ఈ ఒక్క సంగతినైనా గుర్తుంచుకోవడం మంచిది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్నేళ్ళ కిందట మా సంఘం మహాసభ ఒకటి ఉత్తరాదిన జరిగినది. భోజన ఏర్పాట్లకు నిధులు చాలలేదు. ఒక ఇళ్ళ వ్యాపారి సావనీరులో నిండు పేజీ ప్రకటన ఇస్తానని, ప్రతిగా పందిట్లో ఒక బల్ల వేసుకోనివ్వాలని అడిగాడు. మేము సరేనన్నాము. మూడు రోజుల పాటు ఆ బల్ల దగ్గర రంగు రంగుల కాగితాలు పంచారు. అక్కడ ఫారం నింపినవారిలో ఢిల్లీలో ఆర్.ఎం.ఎస్.లో పనిచేస్తుండిన శ్రీకాకుళం జిల్లా సోదరుడు ఒకరు ఉన్నారు. రాత్రి షిఫ్టులలో ఉత్తరాల సంచులు విప్పి, విడదీసి, కట్టి ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. 'వాయిదా లేదు' అన్న మాట నమ్మి ప్రావిడెంటు ఫండులో నుంచి తీసి బయానా కట్టారు. రెండేళ్ళు గడిచాక బిల్డరు వడ్డీ కట్టడం ఆగిపోయినది. ఒకవైపు అద్దె, ఒకవైపు లేని ఇంటికి వాయిదా. రిటైరైన నాడు వచ్చిన గ్రాట్యుటీలో అధిక భాగం ఆ అప్పుకే జమ అయినది. ఆయన భవనం పదకొండవ అంతస్తు దగ్గర ఆగి, ఇనుప చువ్వలు తుప్పు పట్టి నిలిచి ఉన్నది.

ఆ మధ్య ఆయన మా కార్యాలయానికి వచ్చారు. కోపంగా మాట్లాడలేదు. "సెక్రటరీ గారూ, బజార్లో అయితే నమ్మేవాణ్ణి కాదండీ. మన సంఘం పందిట్లో బల్ల వేశారు కదా, మనవాళ్ళు చూసే ఉంటారనుకున్నాను" అన్నారు. మా దగ్గర సమాధానం లేదు. మేము చూడలేదు. ఆ ప్రకటన ఖరీదు మాకు మూడు పూటల భోజనం. ఆయనకు ముప్పై ఏళ్ళ కష్టార్జితం. యాజమాన్యాల వంచనను ఎండగట్టే హక్కు మాకు ఉండాలంటే ఈ మాట ముందు మేము రాసి తీరాలి.

ఇక 2020 సంగతి. కోవిడ్ మహమ్మారి వచ్చిన వేళ రైల్వే కార్మికుడు సరకు బళ్ళు, శ్రామిక్ రైళ్ళు నడిపాడు. తపాలా ఉద్యోగి మందులూ, పింఛన్లూ ఇంటింటికీ చేర్చాడు. ఆ ఏప్రిల్ నెలలోనే కేంద్ర ప్రభుత్వం మన కరవు భత్యాన్ని స్తంభింపజేసినది. 2020 జనవరి, 2020 జులై, 2021 జనవరి కిస్తీలు మూడూ ఆగాయి. 2021 జులై నుంచి భత్యం 17 శాతం నుంచి 28 శాతానికి పెంచారు గాని, గడిచిన 18 నెలల బకాయి ఇవ్వలేదు. ఇందువలన 34,402 కోట్ల రూపాయలు మిగిలాయని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పినది. ఒక్కొక్కరి లెక్క చూద్దాం. మొదటి ఆరు నెలలకు 4 శాతం, తరువాతి ఆరు నెలలకు 7 శాతం, చివరి ఆరు నెలలకు 11 శాతం. అన్నీ కలిపితే ఒక నెల మూల వేతనానికి 132 శాతం. 35,400 రూపాయల మూల వేతనం గల ఉద్యోగికి 46,728 రూపాయలు. 1974లో నిర్బంధ డిపాజిట్ చట్టం తెచ్చి అదనపు కరవు భత్యంలో సగం పట్టుకున్నప్పుడు మనవాళ్ళు ఎంత ఆగ్రహించారో పెద్దలకు జ్ఞాపకమే. ఆ సొమ్మునైనా వాయిదాలలో వడ్డీతో తిరిగి ఇచ్చారు. ఈ సొమ్ము మాత్రం త్యాగాల ఖాతాలో శాశ్వతంగా జమ అయిపోయినది.

అదే సంవత్సరంలో ఇళ్ళ అమ్మకాలకు రాయితీల వాన కురిసినది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు స్టాంపు సుంకాన్ని 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గించినది. ఇంటి ధర ఎంతైనా రాయితీ వర్తించినది గనుక, కోట్ల రూపాయల ఇల్లు కొన్నవానికి లక్షలు మిగిలాయి. ఆ నవంబరులో కేంద్రం 2 కోట్ల వరకు విలువగల కొత్త ఇళ్ళను సర్కారు విలువకన్న 20 శాతం తక్కువకు అమ్మినా ఆదాయపు పన్ను సమస్య రాకుండా వెసులుబాటు కల్పించినది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2023 డిసెంబరులో 2020 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు గల కాలాన్ని శూన్య కాలంగా పరిగణించి, ఆగిపోయిన ప్రాజెక్టుల బిల్డర్లకు స్థలం బకాయిలపై ఆ రెండేళ్ళ వడ్డీ భారం తొలగించినది. బిల్డరుకు రెండేళ్ళ శూన్య కాలం దొరికినది. ఉద్యోగి కట్టే బ్యాంకు వాయిదాకు శూన్య కాలం ఏదీ? 2020లో కొన్ని నెలల వాయిదా విరామం ఇచ్చారు గాని, ఆ కాలానికీ వడ్డీ నడిచినది. మనకు రావలసిన బకాయికి మాత్రం శూన్యమే మిగిలినది.

మా వాదనకు అభ్యంతరం చెప్పే మిత్రులు మనలోనే ఉన్నారు. మాంద్యంలో ఇళ్ళు అమ్ముడుపోకపోతే నిర్మాణం ఆగుతుంది, తాపీ మేస్త్రి, రాడ్లు వంచేవాడు, ఇటుకలు మోసే కూలి రోడ్డున పడతారు, వారు కూడా కార్మికులే కదా అని వారు అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలసపోయిన మన తెలుగు కూలీలు దేశం నలుమూలలా ఇటువంటి భవనాలపై పనిచేస్తున్నారు. వారి పని పోవాలని మేము కోరుకోము. ధర తగ్గిన కాలంలో కట్టి సిద్ధంగా ఉన్న ఇంటిని బేరమాడి కొనడం తప్పు అని కూడా మేము అనము.

అయితే అమ్మకాన్ని ప్రోత్సహించడం వేరు, నిర్మాణాన్ని ప్రోత్సహించడం వేరు. అమ్మకంతోనే డబ్బు చేతికి వచ్చే బిల్డరుకు కట్టవలసిన తొందర ఉండదు. ఆ డబ్బుతో మరొక చోట నేల కొంటాడు, అక్కడ మరొక బోర్డు పెడతాడు. గ్రేటర్ నోయిడాలో జరిగినది అదే. అమ్మకాలు జోరుగా సాగిన ఆ ఏళ్ళలోనే గోడలు ఆగిపోయాయి, కూలీలు వెళ్ళిపోయారు. సగంలో ఆగిన ఇళ్ళకు పెట్టుబడి సమకూర్చడానికి 2019 నవంబరులో కేంద్రం 'స్వామీ' నిధిని ప్రకటించి, 25 వేల కోట్ల ఆ నిధిలో 10 వేల కోట్లు తన వాటాగా ఇస్తానన్నది. ఆలస్యంగా వచ్చినా ఆ దారి సరియైనది. ఎందుకంటే అక్కడ సొమ్ము ప్రకటనలకు కాక ఇటుకకూ, సిమెంటుకూ, కూలికీ చేరుతుంది. ప్రజల సొమ్ముతో ఇచ్చే ఏ రాయితీ అయినా ఇల్లు పూర్తయి, తాళం చెవి చేతికి వచ్చి, రిజిస్ట్రేషను అయిన నాడే బిల్డరుకు ముట్టాలి. గ్రేటర్ నోయిడాలో ఇళ్ళలో చేరినా, బిల్డరు ప్రాధికార సంస్థకు పడిన బకాయి వల్ల రిజిస్ట్రేషను కాక ఏళ్ళ తరబడి ఎదురు చూసిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయని మరువరాదు.

ఇది ఉత్తరాది రోగమని మన తెలుగు నాట ఎవరూ నిశ్చింతగా ఉండనక్కర లేదు. హైదరాబాదు చుట్టూ 'ప్రీలాంచ్' అనే పేరుతో అనుమతులు రాకముందే, రిజిస్ట్రేషను లేకుండానే తక్కువ ధర ఎర చూపి మొత్తం సొమ్ము వసూలు చేసిన ఉదంతాలు మనం చూశాము. అమీన్‌పూర్ ప్రాజెక్టు వ్యవహారంలో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంస్థ అధిపతిని ఈ.డి. 2024లో అరెస్టు చేసినది. పేరు మారినది, పద్ధతి అదే.

మరి ఉద్యోగి ఇల్లు కొనుక్కోకూడదా? కొనుక్కోవాలి. జీవితమంతా క్వార్టర్లలో గడిపి రిటైరైన నాడు సామానుతో వీధిన నిలబడవలసిన మనకన్న ఇంటి విలువ తెలిసినవారెవరు? అందుకు మన చేతిలో ఉన్న సాధనాలను ముందు వాడుకుందాం. ఏడవ వేతన సంఘం తరువాత 2017లో సవరించిన నిబంధనల ప్రకారం గృహ నిర్మాణ అడ్వాన్సు 34 నెలల మూల వేతనం లేక 25 లక్షలు, ఏది తక్కువైతే అది లభిస్తుంది. దానిపై వడ్డీ బారువడ్డీయే. ముందు అసలు, ఆ తరువాత వడ్డీ తీర్చే పద్ధతి ఉన్నది. 1989లో ఏర్పడిన భారతీయ రైల్వే సంక్షేమ సంస్థ 'రైల్ విహార్' పేరిట రైల్వే ఉద్యోగులకు ఇళ్ళు కట్టించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంక్షేమ గృహ సంస్థ 'కేంద్రీయ విహార్' పేరిట కట్టించినది. ఇవి దోషరహితమని మేము అనము. కానీ వీటి తప్పును నిలదీయడానికి మనకు ఒక చిరునామా ఉన్నది.

బయట కొనేవారు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని కవచంగా ధరించాలి. రెరా రిజిస్ట్రేషను సంఖ్య లేని ప్రాజెక్టుకు ఒక్క రూపాయి ఇవ్వరాదు. రిజిస్టరు అయిన ఒప్పందం లేకుండా ధరలో పదోవంతుకు మించి అడగడం చట్ట విరుద్ధం. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉండాలి. గడువుకు ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో సొమ్ము వాపసు కోరే హక్కు మనకు ఉన్నది. బిల్డరు ఇచ్చిన ప్రకటన కాగితం పారవేయక భద్రపరచండి. తప్పుడు ప్రకటనకు నష్టపరిహారం ఇవ్వాలని అదే చట్టం చెబుతున్నది.

మన సమాఖ్య ముందు మేము ఉంచుతున్న కోర్కెలు ఇవి. ఒకటి, 18 నెలల కరవు భత్యం బకాయి చెల్లించాలి. బిల్డరుకు వడ్డీ వదలగలిగిన పాలకులు ఉద్యోగికి అసలు ఎగవేయరాదు. రెండు, గృహ నిర్మాణ అడ్వాన్సు పరిమితిని నేటి ఇళ్ళ ధరలకు అనుగుణంగా పెంచాలి. మూడు, వాయిదా తానే కడతానని బిల్డరు మాట ఇచ్చి తప్పిన ప్రతి కేసులో, ఇల్లు చేతికి వచ్చే వరకు ఉద్యోగి జీతం, పింఛను, గ్రాట్యుటీ జోలికి బ్యాంకు రాకుండా చట్టం చేయాలి. నాలుగు, మన సంఘాల మహాసభలలో, సావనీరులలో, క్యాంటీను గోడలపై ఏ ఇళ్ళ వ్యాపారికీ చోటు ఇవ్వరాదు. మొదటి మూడు కోర్కెలకు ప్రభుత్వంతో పోరాడాలి. నాలుగవది మన చేతిలోనే ఉన్నది. రాబోయే మహాసభలో దీనిని తీర్మానంగా ప్రతిపాదిస్తున్నాము.

ఆ శ్రీకాకుళం సోదరుడు వెళ్ళిపోయే ముందు మా బల్ల మీద ఆనాటి సావనీరు ఒకటి పెట్టి వెళ్ళారు. అందులో ఆ నిండు పేజీ ప్రకటన ఇంకా మెరుస్తూనే ఉన్నది. దాని ఎదుటి పేజీలో ఉద్యోగుల ఐక్యత గురించి మేము రాసిన సందేశం ఉన్నది. మహాసభకు బయలుదేరేటప్పుడు ఆ పుస్తకాన్ని మా వెంట తీసుకువెళతాము. తీర్మానానికి అభ్యంతరం చెప్పే ప్రతినిధి ఎవరైనా ఉంటే, ఆ రెండు పేజీలూ తెరిచి వారి ముందు ఉంచుతాము.